నాడి చెప్పిన నిజం: రక్తపోటు, గళధమనుల చరిత్రలో కొన్ని పుటలు

నొప్పి పుట్టించే జబ్బును రోగియే స్వయంగా వైద్యుని వద్దకు తీసుకొని వస్తాడు. నొప్పి లేని జబ్బు సంగతి వేరు. అది ఏళ్ల తరబడి శరీరంలో తన పని తాను చేసుకొని పోతుంది. మనిషి తింటాడు, తిరుగుతాడు, వ్యాపారం చేసుకొంటాడు, అయిదు పూటలా నమాజు చేస్తాడు. ఒకనాటి తెల్లవారుజామున వజూకు కూర్చొన్నవాని కుడిచేయి లేవదు, పిలిస్తే పలకలేడు. ‘ఉన్నట్టుండి వచ్చింది’ అంటారు ఇంటివారు. నిజానికి అది ఉన్నట్టుండి వచ్చినది కాదు. అంతకు పది, ఇరవై ఏళ్ల ముందు నుండే ఆ మనిషి రక్తపోటు అతని ధమనుల గోడలను మార్చుతూ వచ్చింది. ఈ సత్యాన్ని కనుగొనడానికి మానవజాతికి రెండువేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ సుదీర్ఘ కృషిలో ముస్లిం వైద్యుల పాలు ఎంత, కానిది ఎంత అన్న విషయాన్ని ఉన్నది ఉన్నట్టుగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సక్తా, ఫాలిజ్, సుబాత్

హైదరాబాదు పాతబస్తీలో నేటికీ పక్షవాతాన్ని ‘ఫాలిజ్’ అంటారు. ఇది అరబ్బీ వైద్యగ్రంథాల మాట. రెండుగా చీల్చడం అన్న అర్థం గల ధాతువు నుండి వచ్చింది. శరీరంలో సగభాగం పడిపోయే జబ్బుకు ఇంతకంటే తగిన పేరు దొరకదు. దీనికంటే తీవ్రమైనది ‘సక్తా’. మౌనం అన్న అర్థం గల ధాతువు నుండి పుట్టిన ఈ మాట, స్పృహ, కదలిక, పలుకు ఒక్కసారిగా పోవడాన్ని తెలుపుతుంది. తెలుగువారు ‘మాట పడిపోయింది’ అనడంలోనూ ఇదే భావం ఉండడం గమనార్హం.

మూడవ మాట ‘సుబాత్’. గాఢమైన నిద్ర, మైకం అని దీని అర్థం. దివ్య ఖుర్ఆన్ లో నిద్రను గూర్చి చెప్పిన సందర్భంలో (78:9) ఈ పదం కనబడుతుంది. మెడకు ఇరుపక్కల కొట్టుకొనే పెద్ద ధమనులను అరబ్బీ వైద్యులు ‘శిర్యానే సుబాతీ’ అన్నారు, అంటే నిద్రాధమనులు. ఇది గ్రీకు పేరుకు అనువాదం. ఆ ధమనులను నొక్కితే మనిషి మైకంలో పడతాడని ప్రాచీన గ్రీకులు నమ్మి, మైకం అన్న అర్థం గల ‘కరోస్’ అనే మాట నుండి వాటికి ‘కరోటిడ్’ అని పేరు పెట్టారు. రష్యన్ భాషలో ఇప్పటికీ వాటి పేరు నిద్రాధమనులే. తెలుగులో గళధమనులు అంటున్నాము.

ఈ నమ్మకాన్ని గ్రీకు వైద్యులే సరిదిద్దడానికి ప్రయత్నించారు. క్రీ.శ. మొదటి శతాబ్దం చివరిభాగపువాడైన ఎఫెసస్ నివాసి రూఫస్, మైకం కలిగేది ధమనులను నొక్కినందున కాదు, పక్కనున్న నరాలను నొక్కినందున అన్నాడు. రెండవ శతాబ్దంలో గాలెన్ జంతువుల గళధమనులను దారంతో బిగించి, అవి మైకంలో పడకపోవడాన్ని కళ్లారా చూశాడు. అభిప్రాయం మారినా పేరు మారలేదు; గ్రీకు నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి లాటినుకు అదే భావం ప్రయాణం చేసింది. అనువాదంలో విద్య ఎంత భద్రంగా ప్రయాణిస్తుందో, పొరపాటు కూడా అంతే భద్రంగా ప్రయాణిస్తుందనడానికి ఇదొక నిదర్శనం.

ఇబ్నె సీనా చేతిలో నాడి

బుఖారా ప్రాంతంలో 980లో జన్మించి 1037లో హమదానులో మరణించిన ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో నాడీపరీక్షకు విశేషమైన స్థానం ఇచ్చాడు. నాడిని పది లక్షణాల ద్వారా పరీక్షించాలన్నాడు. ధమని ఎంత విచ్చుకొంటున్నది, వేలికి ఎంత బలంగా తగులుతున్నది, ఎంత వేగంగా కదులుతున్నది, ఎంతసేపు ఆగుతున్నది, దాని గోడ మెత్తగా ఉన్నదా గట్టిగా ఉన్నదా, లోపల నిండుగా ఉన్నదా వెలితిగా ఉన్నదా, తాకితే వేడా చల్లనా, కొట్టుకోవడంలో సమత ఉన్నదా, తేడా ఉంటే ఆ తేడాకైనా ఒక క్రమం ఉన్నదా, దాని లయ ఎట్టిది అన్నవి ఆ పది.

వీటిలో గట్టితనం, బలం, నిండుతనం అనే మూడింటిని చూసి, రక్తపోటును ఇబ్నె సీనాయే కనుగొన్నాడని చెప్పాలన్న ఉబలాటం కొందరికి కలుగుతుంది. అది సరికాదు. రక్తం గుండె నుండి బయలుదేరి శరీరమంతా తిరిగి మళ్లీ గుండెకు చేరుతుందని ఆయనకు తెలియదు. తెలియనప్పుడు, ఆ ప్రవాహం ధమని గోడపై వేసే ఒత్తిడి అన్న భావన కలిగే వీలు లేదు. ‘ఇమ్తిలా’ అంటే శరీరంలో రక్తాది ధాతువులు మితిమీరి నిండడం. దానికి ‘ఫస్ద్’, అనగా నరం కోసి రక్తం తీయడం చికిత్స. సక్తాకు కారణం మెదడు లోపలి దారులు మూసుకొనిపోవడమని ఆయన వ్రాశాడు. మూసుకొనిపోవడం అన్న ఊహ విలువైనదే. అయితే ఆయన దృష్టిలో ఉన్నది ప్రాణవాయువు సంచరించే దారులు గాని, నేడు మనం చెప్పుకొనే రక్తనాళాలు కావు.

గాలెన్ చేసిన ఒక పొరపాటు కూడా ‘ఖానూన్’లోకి వచ్చి చేరింది. పశువుల మెదడు అడుగున గళధమనులు వలవలె చీలి ఉండడాన్ని గాలెన్ చూశాడు. మనిషిలోనూ అట్లే ఉంటుందని వ్రాశాడు. మనిషిలో ఆ వల లేదు. 1521లో ఇటలీలో బెరెంగారియో ద కార్పి, ఆ తర్వాత 1543లో వెసాలియస్ ఈ మాట చెప్పేవరకు, ఇంచుమించు పదమూడు శతాబ్దాల పాటు తూర్పు పడమరల విద్యార్థులు లేని వలను చదువుకొన్నారు.

పెద్దలపై గౌరవం వేరు, వారి మాటను పరీక్షించడం వేరు అని తెలిసిన విద్వాంసుడు దమస్కులో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నె నఫీస్ (మరణం 1288). ఆయన వైద్యుడే గాక షాఫిఈ ధర్మశాస్త్ర పండితుడు కూడా. ‘ఖానూన్’లోని శరీరనిర్మాణ భాగానికి వ్యాఖ్య వ్రాస్తూ, గుండె కుడి గది నుండి ఎడమ గదికి కంటికి కనబడని రంధ్రాల గుండా రక్తం పోతుందన్న గాలెన్ మాటను ఆయన కాదన్నాడు. ఆ గోడ దట్టమైనదనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందనీ స్పష్టంగా వ్రాశాడు. ఈ సంగతిని ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ 1924లో జర్మనీలో సమర్పించిన సిద్ధాంతవ్యాసం ద్వారా గాని ఆధునిక లోకం గ్రహించలేదు. ఇంత గొప్ప వాక్యం ఏడు శతాబ్దాలు వ్రాతప్రతుల్లో పడి ఉండడానికి బాధ్యత యూరపుది మాత్రమే కాదు. ఆ ప్రతులు మన గ్రంథాలయాల్లోనూ ఉండినవి.

ఈ సందర్భంలో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా సేవను స్మరించుకోవాలి. 1888లో వెలసిన ఈ సంస్థ, అర్రాజీ రచించిన మహావైద్యగ్రంథం ‘అల్ హావీ’ని 1955 మొదలుకొని సంపుటాలుగా అరబ్బీలో అచ్చువేసింది. శిరోవ్యాధులకు కేటాయించిన మొదటి సంపుటంలోనే సక్తా, ఫాలిజ్ ప్రకరణాలు ఉన్నవి.

పట్నా నుండి బ్రైటన్ వరకు

విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించాడు. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు, గుర్రపు ధమనికి గాజుగొట్టం అమర్చి రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకినట్టు చూపాడు. రక్తానికి ఒత్తిడి ఉన్నదని తేలింది. కాని ఆ ఒత్తిడి ఎక్కువ కావడమే ఒక జబ్బు అని ఎవరూ అనలేదు. ఆ మాట అనడానికి దగ్గరగా వచ్చిన తొలి వైద్యునిలో పట్నా రక్తం ఉండడం చరిత్రలోని చిత్రాలలో ఒకటి.

1759లో పట్నాలో ఒక ముస్లిం కుటుంబంలో దీన్ ముహమ్మద్ జన్మించాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తూ మరణించగా, పిల్లవాడు బేకర్ అనే అధికారి వెంట సైన్యంలో చేరి, 1784లో అతనితోనే ఐర్లండు చేరాడు. అక్కడ జేన్ డేలీని పెళ్లాడి, ఆంగ్లికన్ క్రైస్తవంలో చేరాడు. 1794లో అతడు ప్రచురించిన యాత్రాగ్రంథమే ఒక భారతీయుడు ఇంగ్లీషులో వ్రాసి అచ్చువేసిన మొదటి పుస్తకంగా ప్రసిద్ధి. 1810లో లండన్ లో భారతీయ వంటకాల భోజనశాల తెరిచి నష్టపోయాడు. తరువాత బ్రైటన్ లో ఆవిరిస్నానాల గృహం నెలకొల్పి, మన ‘చంపీ’ని ఇంగ్లీషువారికి పరిచయం చేశాడు. షాంపూ అన్న మాట అక్కడి నుండి వచ్చినదే. నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజులకు సేవచేసి 1851లో కన్నుమూశాడు.

అతని మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1849లో బ్రైటన్ లో పుట్టాడు. లండన్ లోని గైస్ ఆసుపత్రిలో వైద్యం చదువుతుండగానే అతనికి నాడిమీద ఆసక్తి కలిగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే 1860లో తయారుచేసిన ‘స్ఫిగ్మోగ్రాఫ్’ అనే నాడీలేఖిని, మణికట్టు వద్ద నాడి కదలికను కాగితంమీద గీతగా గీసేది. కాని నాడిని ఎంత బలంతో నొక్కుతున్నారో అది తెలిపేది కాదు. అక్బర్ మహమ్మద్ విద్యార్థి దశలోనే దానికి మార్పులు చేసి, నొక్కే బలాన్ని కొలిచే ఏర్పాటు చేశాడు.

ఆ కాలంలో గట్టినాడి, పెరిగిన గుండె మూత్రపిండాల జబ్బుకు వెంట వచ్చేవని వైద్యుల నమ్మకం. 1836లో ఇదే గైస్ ఆసుపత్రికి చెందిన రిచర్డ్ బ్రైట్ ఈ సంబంధాన్ని గుర్తించాడు. మొదట మూత్రపిండం చెడుతుంది, దాని వలన గుండె పెరుగుతుంది అన్నది సాధారణ అభిప్రాయం. లండన్ జ్వరాల ఆసుపత్రిలో స్కార్లెట్ జ్వరపు రోగులను పరీక్షిస్తూ అక్బర్ మహమ్మద్ ఒక విషయం గమనించాడు. మూత్రంలో ఆల్బుమిన్ కనబడడానికి ముందే వారి నాడిలో ఒత్తిడి పెరుగుతున్నది. ఈ సంగతిని 1874లో ప్రకటించాడు. 1879 నుండి 1881 వరకు వెలువడిన వ్యాసాలలో మరింత ముందుకు పోయి, మూత్రపిండాల జబ్బు ఏ కోశానా లేనివారిలో కూడా అధిక ఒత్తిడి ఉంటుందనీ, అట్టివారు ఏళ్ల తరబడి ఆరోగ్యవంతుల వలె తిరుగుతుంటారనీ, వారి గుండె, ధమనులు, మూత్రపిండాలు లోలోపల మారుతూ, చివరకు గుండె విఫలమయో, మెదడులో రక్తనాళం చిట్లియో మరణిస్తారనీ వివరించాడు. నేడు ప్రాథమిక రక్తపోటు అని పిలిచే స్థితికి ఇదే తొలి సమగ్ర వర్ణన. వేలికింద తాడులా దొర్లే ధమనిని గూర్చి అతడు వ్రాసినది, నాడిగోడ గట్టితనాన్ని పరీక్షించమన్న పాత వైద్యుల ఉపదేశాన్ని గుర్తుకు తెస్తుంది. కాని పాతవారి వద్ద లేని రెండు అతని వద్ద ఉన్నవి: కొలత, శవపరీక్ష.

1884 నవంబరులో టైఫాయిడ్ సోకి అతడు మరణించాడు. వయసు 35 ఏళ్లు. తరువాతి తరం అతనిని ఇంచుమించుగా మరచిపోయింది. ‘ఎసెన్షియల్’ రక్తపోటు అన్న పేరును 1911లో జర్మన్ వైద్యుడు ఎరిక్ ఫ్రాంక్ స్థిరపరచాడు. యూదుడైన ఫ్రాంకును నాజీలు ఉద్యోగం నుండి తొలగించగా, 1933లో ఆయనకు ఆశ్రయమిచ్చి ఆచార్యపదవి అప్పగించినది ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం.

కొలత వచ్చింది, మందు రాలేదు

1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి చేతికి పట్టీ చుట్టి పాదరసంతో రక్తపోటు కొలిచే సాధనాన్ని కనిపెట్టాడు. 1905లో రష్యన్ శస్త్రవైద్యుడు కొరొట్కోవ్ పట్టీ కింద ధమనిలో శబ్దాలు విని పై, కింది సంఖ్యలు రెండూ తెలుసుకొనే పద్ధతిని ప్రకటించాడు. అయినా దశాబ్దాల పాటు వైద్యులు చూస్తూ ఊరకున్నారు. గట్టిపడిన ధమనుల్లో రక్తం నెట్టడానికి హెచ్చు పోటు అవసరమే, తగ్గిస్తే ప్రమాదం అన్న అభిప్రాయం చాలామందిలో ఉండేది. తగ్గించడానికి మంచి మందు కూడా లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్ వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో మరణించినప్పుడు అతని రక్తపోటు 300/190. ఏడాది ముందు నుండే అది హెచ్చుగా ఉన్న సంగతి వైద్యునికి తెలుసు. ప్రపంచంలోకెల్లా బలమైన ప్రభుత్వాధినేతను కాపాడే మందు నాటికి లేదు.

ఆ కొరత తీర్చిన తొలి మందులలో ఒకటి మన దేశపు అడవిమొక్క. సర్పగంధ, పాతాళగంధి అని తెలుగువారెరిగిన దీనిని యునానీ, ఆయుర్వేద వైద్యులు ఉన్మాదానికి, నిద్రలేమికి వాడేవారు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధన చేపట్టిన సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఆ వేరు నుండి కొన్ని క్షారాలను విడదీసి, 1927లో గతించిన హకీం పేరిట ఒకదానికి ‘అజ్మలీన్’ అని పేరు పెట్టాడు. అదే ఏడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని వ్రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో తన అనుభవాన్ని ప్రకటించడంతో ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. 1952లో స్విట్జర్లండులో రిసర్పిన్ వెలువడింది. అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వాన మాజీ సైనికులపై జరిపిన పరీక్షల ఫలితాలు 1967, 1970లలో వెలువడి, రక్తపోటును తగ్గిస్తే పక్షవాతం, మరణం తగ్గుతాయని నిరూపించాయి. ఆ పరీక్షలో వాడిన మూడు మందుల్లో రిసర్పిన్ ఒకటి. ముస్లిం, హిందూ, పార్సీ వైద్యుల చేతులమీదుగా వచ్చిన మందు అది.

మెడను ఎవరూ చూడలేదు

రక్తపోటు మెదడును రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. మెదడు లోపలి సన్నని ధమనులను చెడగొట్టి, అవి చిట్లడానికో మూసుకొనిపోవడానికో కారణమవుతుంది, ఇది ఒకటి. పెద్ద ధమనుల గోడలను మందపరచి, అక్కడ కొవ్వు పేరుకొనడానికి తోడ్పడుతుంది, ఇది రెండవది. ఈ రెండవదానికి ముఖ్యమైన చోటు గళధమని. దవడ కింద అది రెండుగా చీలి, ఒక కొమ్మ ముఖానికి, ఒకటి మెదడుకు పోతుంది. ఆ చీలిక వద్ద ప్రవాహం సుడితిరిగే తావున కొవ్వుపొర పేరుకొంటుంది. దానిమీద గట్టిన రక్తపుగడ్డ తునిగి మెదడుకు కొట్టుకొనిపోతే పక్షవాతం వస్తుంది.

1664లో థామస్ విల్లిస్ ఒక గళధమని పూర్తిగా మూసుకొనిపోయినా పక్షవాతం రాని మనిషిని వర్ణించాడు. మెదడు అడుగున ధమనులు వలయంగా కలిసి ఉన్నందున ఇతర దారుల్లో రక్తం అందిందని గ్రహించాడు. గాలెన్ కట్టిన జంతువులు మైకంలో పడకపోవడానికీ ఇటువంటి అడ్డదారులే కారణం. 1905లో కియారి, 1914లో రామ్సే హంట్ పక్షవాతానికి మూలం మెడలో వెదకమన్నారు. కాని శవపరీక్షల్లో మెదడును చూసేవారే గాని మెడను తెరిచి చూసేవారు అరుదు. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ ఆ పని చేసి, అనేక పక్షవాతాలకు కారణం గళధమనిలోనే ఉన్నదని చూపాడు. ఒక కంటికి కొన్ని నిమిషాల పాటు చూపుపోవడం, ఒక చేయి కొద్దిసేపు తిమ్మిరెక్కడం రాబోయే ప్రమాదానికి హెచ్చరికలని తెలిపాడు.

1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్ కాట్, రాబ్ ఇటువంటి హెచ్చరికలు పదేపదే వచ్చిన ఒక స్త్రీకి గళధమని శస్త్రచికిత్స చేశారు. ఆ వ్యాసంలో మరొక పేరు రక్తపోటు పండితుడైన జార్జ్ పికరింగ్ ది. 1870లలో అక్బర్ మహమ్మద్ కొంతకాలం పనిచేసినదీ అదే ఆసుపత్రి. దానికి ముందటి సంవత్సరమే అమెరికాలో ఇటువంటి చికిత్స చేసిన మైకేల్ డిబేకీ, లెబనాను నుండి వలసవెళ్లిన క్రైస్తవ దంపతుల కుమారుడు. 1991లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశీలనలో, గళధమని 70 శాతానికి మించి ఇరుకై, హెచ్చరిక లక్షణాలు కనబడినవారిలో మందులు మాత్రమే వాడినవారికి రెండేళ్లలో ఆ పక్క పక్షవాతం నూటికి 26 మందికి రాగా, శస్త్రచికిత్స పొందినవారిలో 9 మందికి వచ్చింది. మందులు ఎంతో మెరుగుపడిన తరువాత, లక్షణాలు లేనివారి విషయంలో వైద్యులు మరింత ఆచితూచి నిర్ణయిస్తున్నారు.

1986లో ఇటలీలో పిన్యోలి బృందం గళధమని లోపలి పొరల మందాన్ని శబ్దతరంగాలతో కొలవవచ్చునని చూపింది. రక్తపోటు ఉన్నవారిలో ఈ మందం పెరగడం సాధారణం. 2003, 2007 యూరపు మార్గదర్శకాలు 0.9 మిల్లీమీటర్లు మించడాన్ని అవయవం దెబ్బతిన్న గుర్తుగా లెక్కించాయి. అయితే ఈ మందం కొలత ఒక్కటే చూసి భవిష్యత్తు చెప్పలేమని తరువాత తేలింది. కొవ్వుపొర ఉన్నదా, పొగతాగే అలవాటు, మధుమేహం, కొలెస్టరాల్ ఎట్లున్నవి అన్నవి కలిపి చూడాలి.

రూఫస్, గాలెన్ నరాలను గూర్చి చెప్పిన మాటకు కూడా 1920లలో కొత్త బలం చేకూరింది. గళధమని చీలిక వద్ద రక్తపోటును పసిగట్టే నరాలున్నవనీ, వాటిని నొక్కితే గుండె నెమ్మదించి కొందరు మూర్ఛపోతారనీ హెరింగ్ చూపాడు. అంటే ‘సుబాత్’ అన్న పేరు మొదట పెట్టినవారు చూసినది అబద్ధం కాదు; చెప్పిన కారణమే సరికాదు.

లెక్క ఎట్లు చెప్పాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఇబ్నె సీనా రక్తపోటును కనిపెట్టలేదు; నాడిని క్రమపద్ధతిలో పరీక్షించడం నేర్పాడు. ఇబ్నె నఫీస్ గళధమనికి చికిత్స చెప్పలేదు. కంటికి కనబడని రంధ్రాన్ని ఎంత పెద్దవాడు చెప్పినా ఒప్పుకోనవసరం లేదని చూపాడు. ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ పేరు చూసి అతనిని ముస్లిం శాస్త్రజ్ఞుల జాబితాలో చేర్చడం న్యాయం కాదు. అతని తాతనాడే ఆ ఇల్లు క్రైస్తవమైంది. పేరు పరాయిదని ఇంగ్లండు అతనిని మరవడం ఎంత తప్పో, పేరు తమదని ఇతరులు సొంతం చేసుకోవడం అంతే తప్పు. అట్లే దైవం మనిషికి కంఠనాళం కంటే దగ్గర అన్న భావం గల ఆయతు (50:16) దైవ సాన్నిధ్యాన్ని తెలిపేదే గాని, శరీరశాస్త్ర పాఠం కాదు.

లేని గొప్పను చెప్పుకొంటే నష్టం చరిత్రకే అనుకోరాదు. పూర్వులకు అంతా తెలుసన్నవాడు నేటి కొలతను లక్ష్యపెట్టడు. ‘నాకేమీ నొప్పి లేదు’ అంటూ మాత్రలు ఆపేసి రక్తం తీయించుకోవడంతో సరిపెట్టుకొనేవాడు అట్టి మాటలకే బలి అవుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం 30 నుండి 79 ఏళ్ల వయసువారిలో సుమారు 128 కోట్ల మందికి రక్తపోటు ఉన్నది. వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదు. అక్బర్ మహమ్మద్ 140 ఏళ్ల కిందట వర్ణించిన ‘ఆరోగ్యవంతులు’ వీరే.

పూర్వపు హకీము రోగి మణికట్టు పట్టుకొని, కళ్లు మూసుకొని, తొందరపడకుండా నాడి చెప్పేది వినేవాడు. ఆ శ్రద్ధ ఆయన నుండి నేర్చుకోవాలి. చేతికి పట్టీ చుట్టి సంఖ్య చూడడం తరువాతివారి నుండి నేర్చుకోవాలి. రెండింటికీ పట్టే సమయం అయిదు నిమిషాలు మించదు.